సరంగు లేని పడవలు



1952 సెప్టెంబరు. జపాన్‌కు దక్షిణాన మ్యోజిన్‌షో అనే చోట సముద్రం కుతకుత ఉడుకుతోందని కబురు వచ్చింది. అడుగున నిద్రపోతున్న అగ్నిపర్వతం లేచింది. దగ్గరికెళ్లి చూసి, కొలతలు తీసి రమ్మని అక్కడి ప్రభుత్వం ఒక సర్వే నౌకను పంపింది. దాని పేరు కైయో మారు నంబర్ 5. నౌకలో సిబ్బంది, శాస్త్రవేత్తలు కలిపి 31 మంది ఉన్నారు. 24వ తేదీన నౌక నుంచి సమాచారం ఆగిపోయింది. వెతకగా వెతకగా కొన్ని శకలాలు దొరికాయి. నౌక సరిగ్గా అక్కడ ఉన్నప్పుడే కొండ మళ్లీ పేలిందని వాటిని చూసి తేల్చారు. ఒక్కరు కూడా తిరిగి రాలేదు.

నీటి మీద పేలే కొండనైతే దూరం నుంచి చూడొచ్చు, ఫొటో తీయొచ్చు. నీటి కింద కొండ అలా కాదు. దాని ఆకారం తెలియాలంటే సరిగ్గా దాని నెత్తిమీదుగా పడవ నడపాలి. చిక్కంతా అక్కడే ఉంది.

మ్యోజిన్‌షో ప్రమాదం జరిగిన డెబ్బై ఏళ్లకు అలాంటి అవసరమే మళ్లీ వచ్చింది. 2022 జనవరి 15న పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీప రాజ్యం టోంగాలో, హుంగా టోంగా-హుంగా హాపై అనే అగ్నిపర్వతం బద్దలైంది. ఆ రోజు టీవీల్లో ఉపగ్రహం తీసిన దృశ్యం మీలో చాలామంది చూసే ఉంటారు. బూడిద, ఆవిరి కలిసి దాదాపు 57 కిలోమీటర్ల ఎత్తుకు లేచాయి. మన విమానాలు ఎగిరేది పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో. ఆ చప్పుడు అలస్కాలో జనం చెవులకు వినపడింది. సునామీ పసిఫిక్ అంతటా పాకింది. టోంగాను బయటి ప్రపంచంతో కలిపే కేబుల్ సముద్రపు అడుగున తెగిపోయింది. ప్రధాన ద్వీపానికి ఇంటర్నెట్ మామూలుగా రావడానికి ఐదు వారాలు పట్టింది. బయటి ద్వీపాలకు వెళ్లే కేబుల్ బాగుపడటానికి ఏడాది పైనే పట్టింది.

మరి నీటి కింద ఏం జరిగింది? కొండ ఎంత మిగిలింది? ఇంకా పేలుతుందా? ఈ ప్రశ్నలకు ఉపగ్రహం దగ్గర జవాబు లేదు. న్యూజిలాండ్‌కు చెందిన నీవా సంస్థ తన పరిశోధన నౌక టాంగరోవాను ఏప్రిల్‌లో పంపింది. ఆ నౌక కొండ చుట్టూ, దాని వాలుల మీద వేల చదరపు కిలోమీటర్ల మేర అడుగును కొలిచింది. నడిమధ్య బిలం జోలికి మాత్రం వెళ్లలేదు. వెళ్లకపోవడమే సరైన పని. అక్కడ మళ్లీ పేలుడు జరగొచ్చు. పేలుడు జరక్కపోయినా, అడుగు నుంచి వాయువు బుడగలుగా పొంగే చోట నీటికి బరువు మోసే శక్తి తగ్గుతుంది. మనుషులున్న నౌకను అలాంటి చోటికి పంపే బాధ్యత ఎవరు తీసుకుంటారు?

ఆ మధ్యభాగం కొలిచే పని ఒక చిన్న పడవకు అప్పగించారు. పొడవు 12 మీటర్లు. మన విశాఖ, కాకినాడ రేవుల్లో కట్టి ఉండే మరపడవలంత ఉంటుందంతే. పేరు మాక్స్‌లిమర్. తయారుచేసింది సీ-కిట్ అనే బ్రిటిష్ సంస్థ. ఖర్చు పెట్టుకుంది జపాన్‌కు చెందిన నిప్పన్ ఫౌండేషన్. పడవలో సరంగు లేడు. కళాసీలు లేరు, వంటమనిషి లేడు, పడుకోవడానికి మంచం కూడా లేదు. ఆ జాగాలో ఇంజన్లు, ఇంధనం, కెమెరాలు, రాడార్, ఉపగ్రహంతో మాట్లాడే యాంటెన్నా, అడుగున సోనార్ ఉన్నాయి.

సరంగు లేడంటే నడిపేవాళ్లు లేరని కాదు. వాళ్లు 16 వేల కిలోమీటర్ల దూరంలో, ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ తీరాన టాలెస్‌బరీ అనే పల్లెలో కూర్చున్నారు. ఒక గదిలో తెరలు. ఒక తెర మీద పడవ ముందున్న సముద్రం, ఇంకో దాని మీద రాడార్, మరోదాని మీద ఇంజను సంగతులు, పక్కనే అప్పుడప్పుడే రంగుల్లో రూపుదిద్దుకుంటున్న సముద్రపు అడుగు. ఇక్కడో తమాషా ఉంది. వేసవిలో ఇంగ్లండ్‌కూ టోంగాకూ సరిగ్గా పన్నెండు గంటల తేడా. గోడ గడియారం రెండు చోట్లా ఒకే అంకె చూపిస్తుంది. టోంగాలో మిట్టమధ్యాహ్నం ఎండలో పడవ బిలం మీద తిరుగుతుంటే, టాలెస్‌బరీలో అర్ధరాత్రి పన్నెండింటికి షిఫ్టు మనిషి టీ తాగుతూ దాన్ని చూస్తుంటాడు. పేలితే పోయేది ఒక పడవ. డబ్బు పోతుంది, నిజమే. 31 ఇళ్లలో ఏడుపు మాత్రం ఉండదు.

2022 జూలై, ఆగస్టు నెలల్లో మాక్స్‌లిమర్ ఆ బిలం మీదుగా అటూ ఇటూ తిరిగింది. తిరిగిందంటే ఎలా తిరిగిందో చెప్పాలి, ఎందుకంటే ఈ విద్య మొత్తం అందులోనే ఉంది. రైతు నాగలి పట్టి చాలు వెంట చాలు వేసినట్టు, పడవ ఒక తిన్నని గీత మీద వెళ్లి, చివర తిరిగి, పక్క గీత మీద వెనక్కి వస్తుంది. చాలుకూ చాలుకూ మధ్య నేల మిగలకూడదు. మిగిలితే అక్కడ ఒక కొండ శిఖరం దాక్కోవచ్చు. అందుకని పక్క చాళ్లు కొంచెం ఒకదానిమీద ఒకటి పడేలా చూసుకుంటారు. పగలూ రాత్రీ ఇదే పని. మనిషికి ఇంతకంటే విసుగు పుట్టించే పని ఇంకోటి ఉండదేమో.

సోనార్ సంగతికి వద్దాం. పడవ అడుగు నుంచి శబ్దాన్ని కిందికి వదులుతారు. అది నేలకు తగిలి తిరిగొస్తుంది. వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని సగం చేసి, నీటిలో శబ్దం వేగంతో హెచ్చవేస్తే లోతు వస్తుంది. ఇంతవరకు బడిపిల్లల లెక్కే. పాత యంత్రాలు ఒక్కసారికి ఒక్క చుక్క లోతే చెప్పేవి. ఇప్పటి మల్టీబీమ్ సోనార్ ఒక్క కూతకు పడవకు అడ్డంగా వందలాది చుక్కల లోతులు ఒకేసారి చెబుతుంది. లోతుకు మూడు నాలుగింతల వెడల్పున నేల ఒక పట్టీలా తెరుచుకుంటుంది.

ఇక చిక్కులు వినండి. నీటిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 1,500 మీటర్లు. ఆ సుమారు అన్న మాటే కొంప ముంచుతుంది. నీరు వేడెక్కితే శబ్దం వేగం పెరుగుతుంది, ఉప్పు పెరిగితే పెరుగుతుంది, లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి వల్ల కూడా పెరుగుతుంది. పొర పొరకూ వేగం మారినప్పుడల్లా శబ్దం దారి వంగుతుంది. మన బంగాళాఖాతంలో ఈ తలనొప్పి మరీ ఎక్కువ. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వరద నీళ్లన్నీ వచ్చి పైన తేలే తక్కువ ఉప్పున్న పొరగా పరుచుకుంటాయి. అందుకని పడవ నడుమ నడుమ ఆగి, ఒక పరికరాన్ని తాడుతో లోపలికి దించి, నీటి వేడి, ఉప్పు కొలుచుకోవాలి. మనుషులున్న నౌకలో ఆ పని కళాసీ చేస్తాడు. మాక్స్‌లిమర్‌లో వించి ఒకటి పెట్టి, 300 మీటర్ల లోతు దాకా పరికరాన్ని దించి ఎక్కించే ఏర్పాటు చేశారు. మీట నొక్కేది టాలెస్‌బరీలో, తాడు దిగేది టోంగాలో. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది కెమెరాలూ ఉపగ్రహాలూ కావు, ఈ వించే. తాడు చిక్కుపడితే విప్పే చెయ్యి అక్కడ లేదు మరి.

రెండో చిక్కు ఊపు. పడవ అలల మీద ఊగుతుంది. 4,000 మీటర్ల లోతున ఒక్క డిగ్రీ తేడా వస్తే అడుగున 70 మీటర్లు పక్కకు జరిగినట్టే. శబ్దం వెళ్లి రావడానికి అక్కడ ఐదు సెకన్లకు పైగా పడుతుంది. ఈలోగా పడవ ఎన్నిసార్లు ఒరిగి లేచి ఉంటుందో! అందుకే పడవ ప్రతి క్షణం ఎంత ఒరిగింది, ఎంత లేచింది, ఎటు తిరిగింది అని రాసిపెట్టే సున్నితమైన పరికరం సోనార్‌కు తోడు ఉండాలి. ఆటుపోట్ల లెక్క కూడా తీసెయ్యాలి. సోనార్ ఖరీదైనదే, కాని సోనార్ ఒక్కటే ఉంటే మ్యాపు రాదు.

టోంగాలో ఏం తేలిందో చెప్పనే లేదు. పేలక ముందు ఆ బిలం లోతు 150 మీటర్లు. పేలాక 850 మీటర్లు. నడిమి భాగం కూలి 700 మీటర్లు దిగిపోయింది. చుట్టూ నౌక తీసిన కొలతలు, లోపల చిన్న పడవ తీసిన కొలతలు కలిపి చూస్తే, దాదాపు 10 ఘన కిలోమీటర్ల రాయి, బూడిద చోటు మారాయని లెక్క తేలింది. అందులో ఎక్కువ భాగం ఆకాశంలోకి పోలేదు, సముద్రపు అడుగునే వాలుల వెంట దూసుకుపోయింది. కేబుల్‌ను తెంపింది ఆ రాళ్ల వరదే. అది గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగంతో పారిందని తర్వాత పరిశోధకులు కట్టిన లెక్క. బిలంలో ఇంకా వేడి నీళ్లు, వాయువులు చిమ్ముతున్న చోటు కూడా పడవ పట్టుకుంది. అంటే కొండ పూర్తిగా చల్లారలేదు. పక్క ద్వీపాల్లో కాపురం ఉండేవాళ్లకు కావలసిన కబురు ఇది.

ఈ పాటికి కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. ఫోనులో మ్యాపు తెరిస్తే సముద్రం అడుగున కొండలూ లోయలూ నీలంగా కనిపిస్తూనే ఉన్నాయి కదా, మళ్లీ ఈ కొలతలెందుకని. ఆ బొమ్మలో ఎక్కువ భాగం ఊహ. ఊహ అంటే ఉత్తదని కాదు, శాస్త్రీయమైన ఊహే. నీటి కింద రెండు కిలోమీటర్ల ఎత్తు కొండ ఉంటే, దాని ఆకర్షణకు చుట్టుపక్కల నీరు కొంచెం దగ్గరికి చేరి, పైన సముద్రమట్టం రెండు మీటర్లు ఉబ్బుతుంది. పదుల కిలోమీటర్ల మేర ఆ ఉబ్బు పరుచుకుని ఉంటుంది కాబట్టి నౌకలో వెళ్లేవాళ్లకు తెలియదు, ఉపగ్రహంలోని రాడార్‌కు తెలుస్తుంది. ఆ ఉబ్బును బట్టి కింద ఏముందో గణితం చెబుతుంది. పెద్ద కొండలు అలా దొరుకుతాయి. చిన్నవి దొరకవు, దొరికినా వాటి శిఖరం ఎంత ఎత్తుందో సరిగ్గా తేలదు.

దాని ఫలితం ఏమిటో అమెరికా నౌకాదళాన్ని అడగాలి. 2005 జనవరి 8న శాన్ ఫ్రాన్సిస్కో అనే అణు జలాంతర్గామి గువామ్‌కు ఆగ్నేయాన పూర్తి వేగంతో వెళ్తూ, తన దగ్గరున్న మ్యాపులో లేని కొండను గుద్దింది. ఒక నావికుడు చనిపోయాడు, దాదాపు వంద మందికి దెబ్బలు తగిలాయి. 2021 అక్టోబరులో దక్షిణ చైనా సముద్రంలో కనెక్టికట్ అనే మరో జలాంతర్గామికి అదే గతి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ డబ్బున్న నౌకాదళం పరిస్థితే ఇది.

ప్రపంచ సముద్రాల లోతుల పటం ఒకటి తయారు కావాలన్న ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1870లలో బ్రిటన్ నౌక ఛాలెంజర్ తాడుకు బరువు కట్టి దించుతూ లోకమంతా తిరిగింది. 1875లో పసిఫిక్‌లో ఒకచోట 4,475 బారల లోతు తగిలింది. 8 వేల మీటర్ల పైమాట. ఒక్క చుక్క లోతు తెలియడానికి గంటల తరబడి తాడు దించి, మళ్లీ గంటల తరబడి లాగేవాళ్లు. 1903లో మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ అండతో గెబ్‌కో అనే అంతర్జాతీయ పటం పని మొదలైంది. నూట పదిహేనేళ్లు దగ్గరపడినా, 2017లో లెక్క చూస్తే నిజంగా కొలిచింది నూటికి ఆరు వంతులే. అప్పుడు నిప్పన్ ఫౌండేషన్, గెబ్‌కో కలిసి సీబెడ్ 2030 అనే పథకం పెట్టాయి. 2030 నాటికి మొత్తం కొలిచెయ్యాలని సంకల్పం. 2025 జూన్ నాటికి 27.3 శాతం అయింది. అందులో కొంత కొత్తగా కొలిచింది, కొంత దేశాలూ కంపెనీలూ బీరువాల్లో దాచుకున్న పాత కొలతలు బయటపెట్టింది.

మొత్తం సముద్రం సంగతి మనమే లెక్కేసి చూద్దాం, కష్టమేం కాదు. ఒక మంచి నౌక 4,000 మీటర్ల లోతులో 12 కిలోమీటర్ల వెడల్పు పట్టీని కొలుస్తూ గంటకు 18 కిలోమీటర్లు పోయిందనుకోండి. రోజుకు ఐదు వేల చదరపు కిలోమీటర్లు వస్తుంది. బాగానే ఉంది కదూ? ప్రపంచ సముద్రాల వైశాల్యం 36 కోట్ల చదరపు కిలోమీటర్లు. ఒక్క నౌక ఆగకుండా, తుపానుకు ఆగకుండా, బాగుచేతకు ఆగకుండా తిరిగినా దాదాపు రెండు వందల ఏళ్లు. అదీ అంతటా నాలుగు కిలోమీటర్ల లోతు ఉందనుకుంటే. లోతు తగ్గేకొద్దీ పట్టీ సన్నబడుతుంది. 20 మీటర్ల లోతులో పట్టీ వెడల్పు 80 మీటర్లు. గంటంతా తిరిగితే ఒకటి, ఒకటిన్నర చదరపు కిలోమీటరు. అంటే సముద్రం ఒడ్డుకు వచ్చేకొద్దీ కొలవడం కష్టమవుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా ఇదే వాస్తవం.

అందుకే మనుషులు అక్కర్లేని పడవల కోసం వెతుకులాట. మాక్స్‌లిమర్ పుట్టిందే ఒక పోటీ కోసం. షెల్ ఓషన్ డిస్కవరీ ఎక్స్‌ప్రైజ్ అని ఒక పందెం పెట్టారు. నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట, సముద్రంలో ఒక్క మనిషి లేకుండా, 24 గంటల్లో అడుగు పటం తీసివ్వాలి. గ్రీస్‌లో కలమాటా తీరం దగ్గర ఈ పడవ తనతో ఒక నీటిలోపలి యంత్రాన్ని మోసుకెళ్లి, వదిలి, పని చేయించుకుని, మళ్లీ ఎక్కించుకుని వచ్చింది. 2019లో 40 లక్షల డాలర్ల మొదటి బహుమతి ఈ పడవను దింపిన జట్టుకే. అదే ఏడు మే నెలలో ఈ పడవ ఇంగ్లండ్ నుంచి బెల్జియంలోని ఓస్టెండ్ రేవుకు ఒంటరిగా వెళ్లొచ్చింది. వెళ్లేటప్పుడు ఎసెక్స్ ఆయిస్టర్లు ఒక పెట్టె తీసుకెళ్లి, వచ్చేటప్పుడు బెల్జియం బీరు తెచ్చింది. సుంకం అధికారులు సంతకం ఎవరిచేత పెట్టించుకున్నారో గాని!

అమెరికాలో సెయిల్‌డ్రోన్ అనే సంస్థది ఇంకో పద్ధతి. దాని సర్వేయర్ పడవ 22 మీటర్లు. తెరచాప లాంటి గట్టి రెక్కతో గాలివాటున పోతుంది. యంత్రాలకు ఎండ, అవసరానికి డీజిలు. 2021లో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హవాయికి 28 రోజుల్లో అడుగు కొలుస్తూ వెళ్లింది. మరుసటి ఏడు అలస్కా దగ్గర అల్యూషియన్ దీవుల చుట్టూ, మనుషులున్న నౌకలకు కష్టమయ్యే గాలుల్లో పని చేసింది. దారిలో కాలిఫోర్నియా తీరానికి ఎదురుగా వెయ్యి మీటర్ల ఎత్తున్న, అంతవరకు ఏ పటంలోనూ లేని కొండను పట్టింది.

ఇదంతా విని పెద్ద నౌకల పని అయిపోయిందనుకుంటే పొరపాటు. లోతు నీళ్లకు తక్కువ పౌనఃపున్యం, అంటే మంద్రస్థాయి శబ్దం కావాలి. అదైతేనే దూరం పోతుంది. మంద్రస్థాయిలో సన్నని కిరణం రావాలంటే సోనార్ పలక పొడుగ్గా ఉండాలి, ఏడెనిమిది మీటర్లు. దాన్ని 12 మీటర్ల పడవకు బిగిస్తే ఇక పడవ ఎక్కడుంది? మహాసముద్రాల లోతట్టు భాగాలకు పెద్ద నౌకలో, సర్వేయర్ లాంటి పెద్ద డ్రోన్లో కావాలి. మాక్స్‌లిమర్ టోంగాలో గెలిచిందంటే బిలం లోతు కిలోమీటరు లోపే కావడం కూడా ఒక కారణం.

చట్టం సంగతి ఇంకా తేలలేదు. 1972 నాటి సముద్ర ప్రమాదాల నివారణ నిబంధనల్లో ఐదోది, ప్రతి నౌకా కంటితో చూస్తూ చెవితో వింటూ ఎల్లవేళలా కాపలా ఉంచాలంటుంది. 16 వేల కిలోమీటర్ల అవతల కెమెరా తెర ముందున్న మనిషిది కన్ను కాదా? అవునని కొన్ని దేశాలు, ఇంకా ఆలోచిద్దామని కొన్ని. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఇలాంటి నౌకల కోసం వేరే నియమావళి రాసే పనిలో పడింది.

ఇక అనుమానాలు వేరే ఉన్నాయి. సోనార్ పెట్టాల్సిన చోట పేలుడు పదార్థం పెడితే ఇదే తరహా పడవ ఏం చేస్తుందో నల్లసముద్రంలో ఉక్రెయిన్ చూపించింది. 2022 సెప్టెంబరు మొదట్లో ఎర్రసముద్రంలో అమెరికా నౌకాదళం వాడుతున్న రెండు సెయిల్‌డ్రోన్లను ఇరాన్ పట్టుకుని, మర్నాడు వదిలింది. మనిషి లేని పడవ ఎవరిదో, ఏం వింటోందో, ఎవరికి చెబుతోందో దూరం నుంచి చూస్తే తెలియదు. లోతుల లెక్కలను దేశాలు రక్షణ రహస్యాలుగా చూడటం ఎప్పటినుంచో ఉన్నదే. నాలుగింట మూడు వంతుల సముద్రం ఇంకా కొలవకుండా ఉండటానికి సాంకేతిక ఇబ్బంది ఎంత కారణమో, ఈ పరస్పర అపనమ్మకమూ అంతే కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడు మన ఒడ్డుకు వద్దాం. విశాఖపట్నం ఎదురుగా సముద్రం అడుగున లోయలున్నాయి. 1960ల తొలినాళ్లలో అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర జరిగినప్పుడు, అంతకుముందు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొంతకాలం పాఠాలు చెప్పిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాటి వివరాలు ప్రకటించాడు. ఒకదానికి ఆంధ్ర లోయ అని, ఒకదానికి కృష్ణ లోయ అని, మూడోదానికి ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర ఆచార్యుడు మహదేవన్ పేరు పెట్టాడు. బీచ్ రోడ్డులో రోజూ నడిచేవాళ్లలో ఎందరికి తెలుసు, ఎదురుగా నీళ్ల కింద తమ విశ్వవిద్యాలయం మేష్టారి పేరున ఒక లోయ ఉందని!

ఈ లోయలు ఊరికే గొప్ప చెప్పుకోవడానికి కాదు. సునామీ వేగాన్ని నిర్ణయించేది లోతే. నాలుగు కిలోమీటర్ల లోతులో అది గంటకు 700 కిలోమీటర్ల వేగంతో వస్తుంది, పది మీటర్ల లోతుకు వచ్చేసరికి 36కు పడిపోతుంది. వేగం తగ్గేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. అడుగున లోయ ఉంటే ఒకలా, మెరక ఉంటే ఒకలా అల వంగుతుంది. ఒకే సునామీ ఒక ఊరిని ముంచి పక్క ఊరి గట్టు తడిపి పోవడానికి ఇదొక కారణం. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మన దేశం పెట్టుకున్న సునామీ హెచ్చరిక కేంద్రం హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ సంస్థలో, 2007 నుంచి పనిచేస్తోంది. అక్కడి కంప్యూటర్లు ఎంత గట్టివైనా, ఒడ్డు దగ్గరి లోతులు పాతబడితే ఏ ఊరికి ఎంత నీరు వస్తుందన్న అంచనా ఆ మేరకు తప్పుతుంది. మన ఒడ్డు దగ్గరి లోతులు పాతబడతాయి కూడా. గోదావరి, కృష్ణ ఏటా ఒండ్రు తెచ్చి పోస్తాయి. ఇసుక తిప్పలు కదులుతాయి. ఈ ఏడు పడవ పోయిన దారిలో వచ్చే ఏడు మేట వేస్తుంది. మొగల దగ్గర పడవలు నడిపేవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

నౌకాదళానికి మంచి సర్వే నౌకలున్నాయి. 2024 ఫిబ్రవరి 3న విశాఖలోనే ఐఎన్ఎస్ సంధాయక్ సేవలో చేరింది. కోల్‌కతాలో కట్టిన నౌక. తనతోపాటు నీటిలోపల తిరిగే యంత్రాలను కూడా మోసుకెళ్తుంది. కాని 110 మీటర్ల నౌక నదీముఖాల్లోని రెండు మీటర్ల లోతుకు రాలేదు. గంటకు ఒక చదరపు కిలోమీటరు చొప్పున, ఏడాదికోసారి, అలుపు లేకుండా చాళ్లు వేసే పనికి తగినవి మాక్స్‌లిమర్ కంటే చిన్నవైన మానవరహిత పడవలే. మహాసముద్రం మధ్యకు పంపడం కంటే ముందు, కాకినాడ నుంచి మచిలీపట్నం దాకా మన మొగల్లో, రేవుల్లో వాటిని దించడమే మనకు లాభం. గొప్పగా వినిపించదు, పేపర్లో పెద్ద బొమ్మ పడదు, కాని పని అది.

చివరగా, ఈ ప్రసంగం వింటున్న మత్స్యకార సోదరులతో ఒక మాట. బంగాళాఖాతంలో 1990ల నుంచి మన శాస్త్రవేత్తలు గాలి, అల, నీటి వేడి కొలిచే తేలుడు యంత్రాలు లంగరు వేసి ఉంచుతున్నారు. వాటి నీడకు చేపలు చేరతాయని మీకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. పడవలు వాటికి తాళ్లు కట్టడం వల్ల, లోపలి సామాను ఊడబెరకడం వల్ల ఎన్నో యంత్రాలు మూగబోయాయి. మీకు తుపాను కబురు చెప్పే వాటిలో అవీ ఉన్నాయి. ఇకముందు మనిషి లేని పడవలూ మీకు ఎదురుపడతాయి. ఎవరూ కనిపించకపోయినా అది వదిలేసిన పడవ కాదు, ఎక్కడో ఒకరు చూస్తూనే ఉంటారు. దాని దారికి అడ్డంగా వల వేయకండి, తాడు కట్టి లాక్కురాకండి. దారితప్పి కొట్టుకుపోతున్నట్టు అనిపించినా, అనుమానంగా కనిపించినా తీర రక్షక దళానికి 1554 నంబరుకు ఫోను చేసి, ఎక్కడ చూశారో చెప్పండి. ఆ నంబరుకు డబ్బు పడదు.